ముట్లుడిగిన ప్రాయమున హార్మోను మందు: నూఱేండ్ల చరిత్ర



పులికాటు సరస్సు ఒడ్డున సూళ్లూరుపేట, తడ ప్రాంతముల పల్లెలలో సాయంకాలము పెద్దలు కూర్చుండి మాటలాడుకొను సంగతులు పెక్కు గలవు. వానలు, వలలు, రొయ్యల ధర, బిడ్డల పెండ్లిండ్లు, సరస్సు ముఖద్వారమున మేటవేయు ఇసుక, ఇవన్నియు రచ్చబండ మీదికి వచ్చును. నేను నేడు చెప్పబూనిన సంగతి మాత్రము అచ్చట ఎన్నడును వినబడునది కాదు. నలువదియైదు, ఏబది యేండ్ల ప్రాయమున స్త్రీలకు ముట్లుడుగునప్పుడు కలుగు బాధలకు హార్మోను మందు వాడవచ్చునా, వాడరాదా అనునదియే ఆ సంగతి.

“ఇది ఆడువారి మాట, మాకేల?” యని మీరనవచ్చును. కాని ఇంటిలో ఎవరికి జబ్బు చేసినను వైద్యుని యొద్దకు ఎప్పుడు పోవలెనో, ఎంత ధనము వ్యయము చేయవలెనో నిర్ణయించువారు తఱచుగ ఇంటి పెద్దలే. తెలియక చేసిన నిర్ణయమునకు ఫలమనుభవించునది మాత్రము ఆ యింటి యిల్లాలు. కావున ఈ విషయము పెద్దలు వినదగినదని నా మనవి.

ఈ మందునకు నూఱేండ్ల చరిత్ర కలదు. ఆ నూఱేండ్లలో లోకము దీనిని ఒకప్పుడు ఆకాశమున కెత్తినది. మఱియొకప్పుడు పాతాళమునకు త్రొక్కినది. ఎత్తినప్పుడును, త్రొక్కినప్పుడును చేసిన తప్పు ఒక్కటియే. స్త్రీలందఱకు ఒకే సమాధానము చెప్పబోవుటయే ఆ తప్పు. ఈ ప్రసంగమున నేను చూపదలచినది ఇంతమాత్రమే.

ముందుగా ప్రకృతి ధర్మము చెప్పుకొందము. మన పూర్వులకు ఈ విషయము తెలియనిది కాదు. స్త్రీకి పండ్రెండవ యేట రజస్సు ఆరంభమై ఏబదవ యేట క్షీణించునని సుశ్రుత సంహితలో కలదు. దానిని వారు రోగమని చెప్పలేదు, వయోధర్మమని చెప్పిరి. నేటి శాస్త్రజ్ఞులును అట్లే చెప్పుచున్నారు. స్త్రీ శరీరమున రెండు అండాశయములు గలవు. అవి ఈస్ట్రొజెను, ప్రొజెస్టిరోను అను రెండు రసములను రక్తములోనికి విడుచుచుండును. వయస్సు మీఱిన కొలది ఆ రసములు తగ్గి ముట్లు నిలిచిపోవును. వరుసగా పండ్రెండు మాసములు ముట్టు కానిచో ముట్లుడిగినవని చెప్పుదురు. ఐరోపా, అమెరికా ఖండములలో ఇది సగటున 51వ యేట జరుగగా, మన దేశమున 46, 47 ఏండ్లకే జరుగుచున్నది.

ఈ మార్పు కొందఱకు తెలియకుండనే జరిగిపోవును. మఱికొందఱకు ఉన్నట్టుండి వక్షము నుండి ముఖము వఱకు ఆవిరి కొట్టినట్లు వేడి యెక్కును, చెమటలు క్రమ్మును, అర్ధరాత్రి మెలకువ వచ్చి నిద్ర పట్టదు, చీటికిమాటికి కోపమో దుఃఖమో కలుగును, మర్మస్థానమున ఎండిక, మంట కలుగును. ఈస్ట్రొజెను తగ్గినప్పుడు మెదడులో శరీరపు వేడిమిని సరిచూచు స్థానము తడబడుటయే ఆ ఆవిర్లకు కారణము. ఇవి నాలుగు దినములలో పోవునవి కావు. అమెరికాలో పెక్కుమంది స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించి 2015లో ప్రకటించిన లెక్క ప్రకారము, తఱచుగ ఆవిర్లు వచ్చువారిలో సగము మందికి అవి ఏడేండ్లకు మించియే నిలిచినవి. వైశాఖ మాసపు ఎండలో చేపల గంప నెత్తిన బెట్టుకొని సంతకు పోవు స్త్రీకి, నడుములోతు నీట నిలిచి రొయ్యలు ఏరు స్త్రీకి ఏడేండ్లు ఇట్టి బాధ యనగా ఏమో మీరే యోచింపుడు. “ఒంట్లో వేడి చేసినది, మజ్జిగ త్రాగుము” అని మనము చెప్పుచున్నాము. మజ్జిగ మంచిదే. కాని ఆ వేడి మజ్జిగతో దీరునది కాదు.

స్త్రీలు ఈ బాధను వైద్యునితో చెప్పుకొనకపోవుటకును ఒక చరిత్ర కలదు. 1875లో చెన్నపట్టణపు వైద్య కళాశాలలో మొట్టమొదట నలుగురు స్త్రీలను చేర్చుకొనిరి. వారిలో నొకరైన మేరీ షార్లీబు దొరసాని 1885లో చెన్నపట్టణమున ఘోషా స్త్రీలకై ఆసుపత్రి నెలకొల్పుటకు కారకురాలయ్యెను. మన చిత్తూరు 1911 వఱకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ జిల్లాలోని వేలూరులో ఐడా స్కడ్డరు దొరసాని 1900లో వైద్యమారంభించి, 1918లో స్త్రీలకై వైద్య పాఠశాల పెట్టెను. పరపురుషుడగు వైద్యుని ముందునకు ఆడువారిని పంపమని మగవారు పట్టుపట్టుటచేత ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించిరనియు, అది చూచియే తాను వైద్యవిద్య నభ్యసించితిననియు ఆమె చెప్పుచుండెడిది. నేడు తిరుపతిలోను, వేలూరులోను స్త్రీ వైద్యులకు కొఱత లేదు. తలుపు తెఱచియున్నది; మాటయే పెదవి దాటకున్నది.

ఇక మందు చరిత్రకు వత్తము. ముట్లుడుగుటకు నేడు లోకమంతట వాడుచున్న “మెనోపాజు” అను పేరును 1821లో గార్డానె యను ఫ్రెంచి వైద్యుడు పెట్టెను. “హార్మోను” అను మాటను 1905లో లండను నగరమున స్టార్లింగు పండితుడు ప్రచారమునకు తెచ్చెను. ప్రేరేపించునది యని ఆ గ్రీకు మాటకు అర్థము. 1923లో అమెరికాలో ఆలెను, డాయిజీ అను నిరువురు పందుల అండాశయముల నుండి తీసిన ద్రవములో స్త్రీ హార్మోను కలదని నిరూపించిరి. 1927లో జర్మనీ వైద్యులు గర్భిణుల మూత్రములో ఇది విస్తారముగ నుండునని కనుగొనిరి. 1929లో అమెరికాలో డాయిజీయు, జర్మనీలో బుటెనాంటును వేర్వేఱుగ దానిని శుద్ధరూపమున వేఱుపఱచిరి.

పులికాటు పేరు వినగానే వలందా వారు, అనగా డచ్చివారు, మీకు జ్ఞప్తికి వచ్చెదరు. వారు 1613లో ఇచ్చట గెల్డ్రియా కోటను కట్టి, అద్దకపు బట్టల వర్తకము చేసి, తుదకు 1825లో ఈ స్థలమును ఆంగ్లేయులకు వదలిపోయిరి. ఆ డచ్చివారి దేశముననే 1923లో ఆర్గనాన్ అను కంపెనీ పుట్టినది. కసాయిశాలలలో వ్యర్థముగ పోవు జంతువుల అవయవముల నుండి మందులు తీయుట దాని పని. లాకూరు పండితుని నడిపింపున ఆ కంపెనీ స్త్రీ హార్మోనును అంగడి సరకుగ చేసిన తొలివారిలో నొకటి యయ్యెను. అటు పిమ్మట చూలు గుఱ్ఱముల మూత్రము నుండి తీసిన “ప్రెమరిన్” అను మాత్రలు 1942లో అమెరికాలో అంగీకారమును పొందినవి. వాడిన స్త్రీలకు ఆవిర్లు తగ్గెను, నిద్ర పట్టెను. ఈ సంగతి నాడును నిజమే, నేడును నిజమే. ఆవిర్లకు ఇంతకంటె బాగుగ పనిచేయు మందు నేటికిని లేదు.

కాని గుణము కనబడిన చోట అత్యాశయు వెంట వచ్చును. 1966లో న్యూయార్కు వైద్యుడు రాబర్టు విల్సను ఒక గ్రంథము వ్రాసి, ముట్లుడుగుట లోపముచేత కలుగు వ్యాధి యనియు, ఈస్ట్రొజెను వాడినచో స్త్రీ ఎల్లకాలము యౌవనవతిగ నుండుననియు ప్రకటించెను. అతని పనికి మందుల కంపెనీలు ధనసహాయము చేసెనని తరువాత బయలుపడెను. లక్షలాది స్త్రీలు, బాధ యున్నవారును లేనివారును, ఆ మాత్రలు మ్రింగిరి. వయోధర్మము వ్యాధిగ మాఱెను.

ఫలితము 1975లో తెలిసెను. ఈస్ట్రొజెను నొక్కదానినే వాడిన స్త్రీలకు గర్భసంచి లోపొరలో క్యాన్సరు పలు రెట్లు అధికముగ వచ్చుచున్నదని ఆ యేట రెండు పరిశోధనలు వెలువడినవి. కారణము స్పష్టమే. ఈస్ట్రొజెను గర్భసంచి పొరను పెంచును. ప్రొజెస్టిరోను దానిని అదుపులో నుంచును. ఒకదానిని ఇచ్చి రెండవదానిని మఱచుటచేత ఆ కీడు కలిగినది. తరువాత రెండింటిని కలిపి యిచ్చుట ఆచారమైనది. గర్భసంచి యున్న స్త్రీకి రెండును కావలెను. గర్భసంచి తీసివేసిన స్త్రీకి ఈస్ట్రొజెను ఒక్కటి చాలును. ఈ యొక్క సూత్రము గుర్తుంచుకొనుడు.

రెండింటిని కలిపిన పిమ్మట మందు మరల పైకి లేచినది. ఇది గుండె జబ్బును రానీయదు, ఎముకలను గట్టిపఱచును, కావున వృద్ధులకును ఇయ్యవచ్చునని వైద్యులు తలంచిరి. ఆ తలంపును పరీక్షించుటకు అమెరికా ప్రభుత్వము ఒక మహాపరీక్ష నారంభించెను. 50 మొదలు 79 ఏండ్ల వఱకు గల 16,608 మంది స్త్రీలలో సగము మందికి రెండు హార్మోనులు కలిసిన మాత్రను, సగము మందికి మందులేని ఉత్త మాత్రను ఇచ్చిరి. 2002 జూలైలో ఆ పరీక్షను గడువునకు ముందే ఆపివేసిరి. మందు వాడినవారిలో రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు ఎక్కువైనవి.

రొమ్ము క్యాన్సరు నూటికి 26 వంతులు పెరిగెనని పత్రికలు వ్రాసినవి. లోకమంతయు దడిసినది. లక్షలాది స్త్రీలు మాత్రలను పాఱవైచిరి. వైద్యులును వ్రాయుట మానిరి. ఆ లెక్కను మనము మన లెక్కగ చూతము. పదివేల మంది స్త్రీలను ఒక సంవత్సరము చూచినచో, ఉత్త మాత్ర వాడినవారిలో 30 మందికి రొమ్ము క్యాన్సరు వచ్చెను. మందు వాడినవారిలో 38 మందికి వచ్చెను. అనగా పదివేలకు ఎనమండుగురు అధికము. గుండె జబ్బు ఏడుగురికి, పక్షవాతము ఎనమండుగురికి అధికముగ వచ్చెను. మఱియొక ప్రక్క తుంటి యెముక విఱుగుట అయిదుగురికి, పెద్దప్రేవు క్యాన్సరు ఆర్గురికి తగ్గెను. ఆ ఎనమండుగురిలో మన తల్లియో చెల్లెలో యున్నచో అది చిన్న సంగతి కాదు. కాని అందఱకు ముంచుకొని వచ్చు ఆపదయు కాదు.

మఱియొక సంగతి జనులు చాలకాలము గమనింపలేదు. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. ఆవిర్లతో నిద్రలేక వైద్యుని యొద్దకు వచ్చునది ఏబదేండ్ల స్త్రీ. అఱువది దాటినవారికి కలిగిన ఫలితమును చూచి ఏబదేండ్ల వారికి మందు మాన్పించిరి. 2007లో అదే పరీక్షను వయస్సుల వారీగ మరల లెక్కింపగా, ముట్లుడిగిన పదేండ్లలోపల మందు ఆరంభించినవారిలో గుండె జబ్బు పెరుగలేదని కనబడెను. 2017లో ప్రకటించిన 18 ఏండ్ల లెక్కలో, మందు వాడినవారికిని వాడనివారికిని మరణములలో భేదము కనబడలేదు.

అట్లని భయమంతయు వట్టిదని చెప్పరాదు. 2019లో అనేక దేశముల లెక్కలను కూర్చి ప్రకటించిన పరిశోధనలో, ఏబదవ యేట ఆరంభించి రెండు హార్మోనులను ప్రతిదినము అయిదేండ్లు వాడిన 50 మందిలో ఒకరికి, తరువాతి ఇరువది యేండ్లలో, ఆ మందు వలననే రొమ్ము క్యాన్సరు వచ్చునని తేలినది. ఈస్ట్రొజెను ఒక్కటి వాడినవారిలో 200 మందికి ఒకరు. అమెరికా పరీక్షలో మాత్రము ఈస్ట్రొజెను ఒక్కటి వాడినవారికి రొమ్ము క్యాన్సరు పెరుగలేదు. పండితులలో ఈ భేదము నేటికిని కలదు. 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వము ఈ మందుల పెట్టెల మీది పెద్ద హెచ్చరికలలో చాలవఱకు తొలగింతునని ప్రకటించెను. గర్భసంచి యున్నవారు ఈస్ట్రొజెను ఒక్కటి వాడరాదను హెచ్చరికను మాత్రము నిలిపెను. మందును మరల ఆకాశమున కెత్తుదురేమో యని శంకించు వైద్యులును గలరు.

ఇంతవఱకు పరదేశముల కథ. మన తెలుగుదేశమున ఈ కథకు వేఱొక ముఖము కలదు. అది మనకు మిక్కిలి దగ్గఱిది. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమంతటిలో నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 మంది, తెలంగాణమున 7.7 మంది. దేశమునకెల్ల ఇందు మనమే ముందున్నాము. ఇది సంతోషింపదగిన అగ్రస్థానము కాదు. తెల్లబట్ట యయ్యెనని, ముట్టు అధికమయ్యెనని, ముందుముందు క్యాన్సరు వచ్చునేమో యని, “బిడ్డలు పుట్టిరి గదా, ఇక ఆ సంచితో పనియేమి?” యని ముప్పది, నలువది యేండ్ల స్త్రీలను శస్త్రచికిత్సకు పంపితిమి. ఈ అన్యాయము సుప్రీము కోర్టు దాక పోయెను. అనవసరముగ గర్భసంచి తీయుటను అరికట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో చేసిన నియమములను రాష్ట్రములన్నియు అమలు చేయవలెనని ఆ కోర్టు 2023 ఏప్రిలులో ఆజ్ఞాపించెను.

ఈ శస్త్రచికిత్సకును మన విషయమునకును గల సంబంధము చెప్పెదను. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయములను ఉంచినచో ముట్టు నిలుచును గాని హార్మోనులు ఇంకను కొన్నేండ్లు ఊరుచుండును. అండాశయములను గూడ తీసివేసినచో, పదేండ్లలో మెల్లగా రావలసిన మార్పు ఒక్క దినమున వచ్చిపడును. ముప్పదియెనిమిదేండ్ల స్త్రీకి ఏబదేండ్ల శరీరధర్మము కలుగును. ఆవిర్లు తీవ్రముగ వచ్చును. ఎముకలు ముందుగనే గుల్లబాఱును. గుండె జబ్బు భయము పెరుగును. వేఱు అడ్డంకి లేనియెడల, ఇట్టి స్త్రీలకు సహజముగ ముట్లుడుగు ప్రాయము వచ్చువఱకు హార్మోను ఇచ్చుటయే మంచిదని వైద్యసంఘములు చెప్పుచున్నవి. 2002 నాటి భయము వీరికి చెందినది కాదు. కాని శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీలలో పెక్కుమందికి తమ యండాశయములు ఉన్నవో లేవో కూడ తెలియదు. ఆసుపత్రి వారిచ్చిన కాగితములలో అది వ్రాసియుండును. ఆ కాగితములను భద్రముగ దాచుట భూమి పట్టాను దాచినంత ముఖ్యము.

ఇక నిర్ణయించుట యెట్లు? ఈ నూఱేండ్ల చరిత్ర మనకు అయిదు ప్రశ్నలను నేర్పినది.

మొదటిది: బాధ ఎంత? బాధ లేనివారికి యౌవనము నిలుపుటకై మందు వలదు. అది 1966 నాటి తప్పు. నిద్రకును పనికిని భంగము కలిగించు బాధ యున్నచో ఓర్చుకొనుమనుటయు న్యాయము కాదు.

రెండవది: వయస్సెంత, ముట్లుడిగి ఎన్నేండ్లయినది? అఱువది యేండ్ల లోపు వారికి, ముట్లుడిగి పదేండ్లు దాటనివారికి మేలు పాలు ఎక్కువ. ఆ గడువు దాటి క్రొత్తగ ఆరంభించుటలో కీడు పాలు ఎక్కువ.

మూడవది: గర్భసంచి కలదా? అండాశయములు కలవా? మందు ఒకటియా, రెండా యనునది దీనిని బట్టియుండును.

నాల్గవది: పూర్వమేమి జబ్బు కలదు? రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తులలోనో రక్తము గడ్డకట్టినవారు, పక్షవాతము, గుండెపోటు వచ్చినవారు, కాలేయపు జబ్బు ముదిరినవారు ఈ మందు వాడరాదు. ముట్లుడిగిన పిమ్మట మరల రక్తము కనబడినచో అది చుక్కయైనను ముందు పరీక్ష చేయించుకొనవలెను. కారణము తేలువఱకు హార్మోను మాట యెత్తరాదు.

అయిదవది: ఏ రూపమున, ఎంతకాలము? మ్రింగు మాత్రకంటె చర్మము మీద అంటించు పట్టీ, పూయు జెల్ రక్తము గడ్డకట్టు భయమును తక్కువ కలిగించునని వైద్యుల మతము. ఎండిక, మంట మాత్రమే బాధించువారికి ఆ స్థలమున వాడు స్వల్పమోతాదు లేపనము చాలును. ఏడాది కొకమారు రక్తపు పోటును, రొమ్మును పరీక్ష చేయించుకొని, మందు ఇంకను కావలెనా యని వైద్యుని అడుగవలెను. అంగడికి పోయి పొరుగామె వాడిన మాత్రను అడిగి తెచ్చుకొనుట మాత్రము ఎన్నడును కూడదు.

హార్మోను వలదన్నవారికి, వాడరానివారికి వేఱు మార్గములు లేకపోలేదు. ఆవిర్లను తగ్గించు హార్మోను కాని మందులు కొన్ని గలవు. 2023లో అమెరికాలో క్రొత్తది యొకటి అంగీకారము పొందినది. ఎముకల కొఱకు పాలు, రాగులు, చిన్న చేపలు, ప్రతిదినపు నడక అందఱకు మేలే.

తుదకు ఒక్క మాట. సరస్సు ముఖద్వారము ఇసుకతో పూడినప్పుడు దానిని త్రవ్వవలెనా, ఎప్పుడు, ఎంత లోతు త్రవ్వవలెను అని తర్కములు జరుగుట మీరెఱుగుదురు. ఆ నీటి మీద బ్రదుకు జాలరి నడుగక చేసిన నిర్ణయము నిలువదనియు మీరే చెప్పుదురు. ఇదియు అట్టిదే. వైద్యుడు లెక్కలు చెప్పును. పెద్దలు బండి కట్టించి, ధనమిచ్చి తోడు పోవుదురు. కాని ఆ వేడి నెఱిగినది ఆమె, ఆ మందు మ్రింగవలసినది ఆమె. కావున “అవును” అనునది గాని “కాదు” అనునది గాని ఆమె నోటి నుండియే రావలెను. ఆ మాట పలుకుటకు ఆమెకు ఇంటిలో సిగ్గు లేకుండ చేయుట పెద్దల పని. రేపు ఇంట నెవరైన రాత్రి నిద్రపట్టుట లేదని చెప్పినచో, “వేడి చేసినది” అని ఊరకుండక, “ఏమమ్మా, ఎన్నాళ్లనుండి?” యని యొక్క ప్రశ్న యడుగుడు. చికిత్స అచ్చటనే ఆరంభమగును.